డబ్బా లేని డిస్కు

గడియారాలాయన ఇంట్లో పడకగది గోడకి పగులు వచ్చింది. కిటికీ కింది మూలలో పుట్టి, నేల వైపు ఏటవాలుగా దిగింది. పక్క స్థలంలో భవనాల కంపెనీవాళ్లు సెల్లారు కోసం గొయ్యి తవ్వడం మొదలుపెట్టిన మూడో వారంలో అది వెంట్రుకంత సన్నగా కనబడింది. కనబడిన రోజే ఆయన వెళ్లి కంపెనీ ఇంజనీరుని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మహానుభావుడు నెత్తిమీది తెల్ల హెల్మెట్టయినా తీయకుండా గదిలోకొచ్చి, ఒక్క చూపు చూసి, "ఇది పాత పగులండీ. మీ ఇల్లే పాతది" అని తీర్పు చెప్పి వెళ్లిపోయాడు.

కింద గడియారాల కొట్టు, పైన రెండు గదులు, వంటిల్లు. పాతికేళ్లుగా గడియారాలాయన లోకమంతా అంతే. కంటికి భూతద్దం తగిలించుకుని నువ్వుగింజలో సగముండే మరమేకులు బిగించే మనిషి. ఆయనతో అబద్ధం ఆడొచ్చు గానీ కొలతల్లో అబద్ధం ఆడకూడదు. ఇంజనీరు మాటకి ఆయన కడుపు మండిపోయింది. చేతిగడియారం అద్దం ఒకటి తీసి, పగులుకి అటూ ఇటూ అంటేలా గట్టి బంకతో అతికించి, కింద తేదీ రాశాడు. పదకొండో రోజున ఆ అద్దం టప్పున రెండయింది. పరిగెత్తుకెళ్లి చూపిస్తే, "మీరే పగలగొట్టుకుని ఉంటారు" అన్నాడు ఇంజనీరు.

అప్పుడు రంగంలోకి దిగింది పిడుగు. పిడుగంటే ఆయన భార్యకి చెల్లెలు. పదేళ్ల వయసులో అక్క వెంట ఈ ఇంటికొచ్చి, ఇక్కడే చదువుకుని, ఇప్పుడు కెమెరాలు బిగించే కంపెనీలో ఉద్యోగం చేస్తూ రెండు వీధుల అవతల ఉంటోంది. బావ పెట్టిన పేరే ఊరందరి నోటా నిలిచిపోయింది. ఆ పిడుగు ఒకనాడు అరచేతిలో ఇమిడిపోయే కంప్యూటరు ఒకటి తెచ్చింది. పెట్టె లేదు, మూత లేదు. ఒకే ఒక్క పచ్చరేకు, దాని మీద నాలుగు చిప్పులు. పగులుకి ఎదురుగోడ మీద చిన్న కెమెరా బిగించి, దాన్ని ఈ పచ్చరేకుకి తగిలించింది. పది నిమిషాలకొక ఫోటో, రాత్రీ పగలూ. గడియారాలాయన తన వంతుగా పగులు పక్కనే అర మిల్లీమీటరు గీతలున్న ఉక్కు స్కేలు ఒకటి, తేదీ చూపించే గోడ గడియారం ఒకటి బిగించాడు. రేపు ఎవరైనా ఇవి వండి వార్చిన ఫోటోలంటారేమోనని, ప్రతి ఫోటోలోనూ టైమూ తేదీ ఉండాలని ఆయన పట్టు. చిన్న కంప్యూటరు పొట్టలో ఇన్ని ఫోటోలు పట్టవని పిడుగు వాళ్ల ఆఫీసులో పక్కన పడేసిన పెద్ద డిస్కుని తెచ్చి దానికి తగిలించింది. ఇటుకంత నల్లడబ్బా, దానికి వేరే కరెంటు తీగ. ఎలుకకి ఏనుగుని కట్టేసినట్టుందని అక్క నవ్వింది.

ఆ ఏనుగు ఏడు నెలలు బుద్ధిగా మోసింది. ముప్పైవేల ఫోటోలు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి పురపాలక ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది, వెంట ఆ ఇంజనీరూ వస్తాడు. పగులు పాతదని తేలితే ఇల్లు ప్రమాదకరమని రాసి కూల్చమంటారు. తవ్వకం వల్ల పెరుగుతున్నదని తేలితే తవ్వకం ఆగుతుంది, గోడకి ఆసరా కట్టించే బాధ్యత కంపెనీది. మధ్యేమార్గం లేదు. సాక్ష్యమంతా ఆ నల్లడబ్బాలో ఉంది.

అన్నట్టు, ఉండేది.

నాలుగు రోజుల కిందట పక్క స్థలంలో భూమిలోకి ఇనప దిమ్మలు దిగ్గొట్టే మిషను దింపారు. ఆ దెబ్బలకి అలమారలో గిన్నెలు మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఆ సాయంత్రానికే డిస్కు బల్ల మీద నుంచి జరిగి జరిగి కిందకి వేలాడింది. దాని బరువంతా కంప్యూటరు తీగ మీద పడి, డబ్బాలో ఆ తీగ గుచ్చే చోటు ఊడింది. ఫోటోలు ఆగిపోయాయి. పిడుగు ఉద్యోగం పని మీద ఊళ్లో లేదు. ఇవాళ పొద్దున వస్తానంది. అంతవరకూ చేతులు ముడుచుకుని కూర్చోవడం గడియారాలాయన జాతకంలో లేదు.

పదిన్నరకి పిడుగు వచ్చేసరికి ఆయన కొట్లో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద డిస్కుని పడుకోబెట్టి ఉన్నాడు. నల్లడబ్బా లేదు. మెరిసే ఇనప దిమ్మ ఒక్కటే ఉంది.

"విప్పేశావా?" అంది పిడుగు.

"ఊడిపోయిన డబ్బాతో మనకేం పని? గడియారానికి డబ్బా వేరు, యంత్రం వేరు. డబ్బా పోయినా యంత్రం బాగుంటే గడియారం బతికినట్టే. చూడు, చిన్న గీత కూడా పడకుండా తీశాను."

పిడుగు సంచి దింపి విప్పింది. టైము లేదు. ఆ డబ్బాలతో పని లేకుండా డిస్కుని నేరుగా తగిలించే తీగ ఒకటి ఆమె సంచిలో ఉంది. దానికి కరెంటు కోసం పాత ఇంటర్నెట్ పెట్టెది ఒక ప్లగ్గు కూడా తెచ్చింది. ఇద్దరూ డిస్కుని పట్టుకుని పైకెళ్లారు. పడకగది గుమ్మంలో గడియారాలాయన భార్య ఎదురైంది.

"ఏవండీ, ఈ గది తలుపు నిన్నటి నుంచీ సరిగ్గా పడట్లేదు. కింద రాసుకుంటోంది. కాస్త చూడరూ?"

"ఇప్పుడు తలుపా? ముందు డిస్కు సంగతి చూడనీ."

ఆవిడ తలుపుని భుజంతో నెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

పిడుగు చిన్న కంప్యూటరుని తెరకి తగిలించి, డిస్కుకి తీగ గుచ్చి, ప్లగ్గు పెట్టింది. డిస్కు లోపల సన్నగా కూత లేచింది. పెరిగింది. పెరిగి పెరిగి, ఎక్కలేనట్టు కిందకి జారి, టిక్ అంది. మళ్లీ లేచింది. మళ్లీ టిక్.

"పోయిందా?" అంది పిడుగు. "బల్ల మీద నుంచి జారినప్పుడు దెబ్బ తగిలిందేమో."

గడియారాలాయన చెవి దానికి ఆనించాడు. కంప్యూటర్ల గురించి ఆయనకేమీ తెలియదు గానీ, తిరిగేదేదైనా ఆయనకి చుట్టమే. "దెబ్బ కాదు. దెబ్బ తగిలినదైతే గరగరలాడుతుంది. ఇది శుభ్రంగా లేస్తోంది, సగంలో నీరసించి పడిపోతోంది. దీనికి తిండి చాలట్లేదు. నువ్వు పెట్టిన ప్లగ్గు చిన్నపిల్లకి పెట్టే ముద్ద."

పిడుగు ప్లగ్గు మీది అంకెలు చదివి నాలిక కరుచుకుంది. డిస్కుకి మొదటి నుంచీ ఉన్న లావుపాటి ప్లగ్గు గోడకే వేలాడుతోంది. అది పెట్టేసరికి కూత లేచింది, ఎక్కింది, ఒక్క స్థాయిలో నిలబడింది. ఆ నిలకడ విని గడియారాలాయన కళ్లు మూసుకున్నాడు. ఏడు నెలల్లో ఆయన విన్న మంచి చప్పుడు అదొక్కటే.

తెర మీద డిస్కు కనబడింది. పక్కనే ఒక వాక్యం వచ్చింది. ఈ డిస్కులో ఏమీ లేదు, కొత్తగా సిద్ధం చేయమంటారా అని. కింద 'అవును', 'వద్దు'.

"సిద్ధం చేయమంటోంది కదా, చెయ్యి మరి" అంటూ ఆయన వేలు 'అవును' వైపు వెళ్లింది. పిడుగు ఆ చేతి మీద ఫెళ్లున కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక బావని కొట్టడం ఆమెకి అదే మొదలు.

"అది నొక్కితే ఉన్నది కూడా తుడిచిపెట్టుకుపోతుంది, బావా!"

"ఏమీ లేదంటోందిగా?"

"ఉంది. దానికి చదవడం రావట్లేదు." పిడుగు కుర్చీలో కూలబడింది. "ఆ నల్లడబ్బాలో వేలెడంత చిన్న బోర్డు ఉండాలి, చూశావా?"

"చూశాను. తీగ గుచ్చే చోటు దాని మీదే ఉంది. మూడు కాళ్లు ఊడిపోయాయి. భూతద్దం పెట్టి కూడా చూశాను."

"అది డిస్కుకీ కంప్యూటరుకీ మధ్య దుబాసీ. మనం పంపిన ప్రతి ముక్కనీ తన సొంత భాషలోకి మార్చి లోపల రాసింది. అన్ని డబ్బాలూ ఇలా చెయ్యవు, ఇది చేసే రకం. ఆ దుబాసీ లేకుండా ముప్పైవేల ఫోటోలున్నా అడవిలో కాచిన వెన్నెలే. ఏదీ ఆ డబ్బా?"

గడియారాలాయన వంటింటి వైపు చూశాడు. ఆవిడ చేతిలో గరిటెతోనే గుమ్మంలోకొచ్చింది.

"కొట్లో చెత్తడబ్బాలో వేశారుగా. పొద్దున పాతసామాన్లవాడు వస్తే ఖాళీ సీసాలతో పాటు ఇచ్చేశాను. ఏం, ఇవ్వకూడదా?"

ఎవరి మీద కోప్పడాలో ఎవరికీ తెలియలేదు. విప్పినవాడు ఆయన, పారేసినవాడు ఆయన, ఇచ్చింది ఆవిడ, ఇంకోచోట నకలు ఉంచుకోనిది పిడుగు. "అన్నీ ఒక్కచోటే పెట్టడం నా బుద్ధితక్కువ" అని పిడుగు గొణిగింది. "అది తర్వాత ఏడుద్దాం, చెప్పులేసుకో" అన్నాడు గడియారాలాయన.

పాతసామాన్ల గోదాము రెండు మలుపుల అవతల ఉంది. దాన్ని నడిపే పెద్దమ్మ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. పొద్దున వచ్చిన సరుకులో నల్లడబ్బా అనగానే ఆవిడ పకపకా నవ్వింది.

"నల్లడబ్బాలా? రండి, చూపిస్తా. మీరు అలిసిపోవాలే గానీ నా దగ్గర కరువా?"

వెనక నల్ల ప్లాస్టిక్కు గుట్ట మనిషెత్తు ఉంది. దాన్ని తీసుకుపోయే లారీ అప్పుడే గేటు దగ్గర వెనక్కి వస్తోంది. పిడుగు దానికి అడ్డంగా వెళ్లి నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు. పిడుగు కదల్లేదు. పెద్దమ్మ "ఒక్క గంట ఆగరా, మింగేస్తారా ఏంటి" అని అతన్ని కేకలేసింది. గడియారాలాయన గుట్టలోకి మోకాళ్ల లోతున దిగాడు.

నలభై నిమిషాలు వెతికాడు. చేతులు గీరుకుపోయాయి. ఒక డబ్బా అదేననిపించి, తీరా చూస్తే రేడియో పెట్టె. ఇంకోటి ఏదో ఫోను స్టాండు. చివరికి ఒక నల్లమూత ఎత్తితే దాని లోపల టేపుతో అతికించిన కాగితం పొట్లం కనబడింది. దాని మీద తన చేతిరాత: "డిస్కు డబ్బా, మేకులు నాలుగు". ఏది విప్పినా మేకుల్ని పొట్లం కట్టి, పేరు రాసి, మూతకే అతికించడం ఆయనకి ముప్పై ఏళ్ల అలవాటు. పారెయ్యబోయే డబ్బాకి కూడా పొట్లం కట్టాడు. అలవాటు అలాంటిది.

"దొరికింది!" అని అరిచి, డబ్బా తిరగేశాడు. లోపల బోర్డు లేదు.

"బోర్డులు వేరే తీసేస్తామండీ" అంది పెద్దమ్మ. "ప్లాస్టిక్కు వేరు, బోర్డులు వేరు. అదిగో ఆ తొట్టిలో."

నీళ్ల తొట్టంత తొట్టి. నిండా పచ్చ బోర్డులు, ముక్కలు, చిప్పులు. పిడుగు తొట్టి అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం గడియారాలాయన చూశాడు. చిన్నప్పుడు లెక్కల పరీక్ష తప్పినప్పుడు కూడా ఈ పిల్ల ఏడవలేదు.

"బావా, ఇది గడ్డివాములో సూది. అదెలా ఉంటుందో కూడా నాకు తెలీదు."

"నాకు తెలుసు" అన్నాడు ఆయన. జేబులోంచి భూతద్దం తీసి కంటికి తగిలించుకున్నాడు. "రెండు నిమిషాలు చూశాను దాన్ని. ఒక మూల మేకు పట్టే చిల్లు, దాని చుట్టూ సన్నగా తుప్పు వలయం. మూడు కాళ్లు ఊడాయి, నాలుగోది ఎడమవైపుకి వంగింది. నేను ఒకసారి అద్దంలోంచి చూసిన ముక్కని చచ్చేదాకా మర్చిపోను. మీ అక్క పుట్టినరోజు మర్చిపోతాను గానీ ఇది మర్చిపోను."

ఏడుపు మధ్యలో పిడుగుకి నవ్వొచ్చింది. "అక్కతో చెప్తానుండు."

ఆయన ఒక పాత డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. పిడుగు దోసిళ్లతో తీసి గుడ్డ మీద పరుస్తోంది. ఆయన ఒక్కొక్కటీ చూసి పక్కకి తోస్తున్నాడు. కాదు. కాదు. కాదు. తొట్టి సగానికి వచ్చింది. ఒంటిగంటన్నర దాటింది. మెడ పట్టేసింది, కంటి చుట్టూ భూతద్దం అచ్చు పడింది. పెద్దమ్మ రెండుసార్లు మంచినీళ్లు తెచ్చి, రెండోసారి తనూ కూర్చుని పరచడం మొదలుపెట్టింది. ఎందుకు వెతుకుతున్నారో పిడుగు చెప్పింది కాబోలు, ఆవిడ లారీవాణ్ని మరుసటి రోజు రమ్మని పంపేసింది.

రెండింటికి కాస్త ముందు గడియారాలాయన చెయ్యి ఆగింది. పట్టకారుతో ఒక ముక్కని పైకెత్తి వెలుగు వైపు తిప్పాడు. తుప్పు వలయం. మూడు కాళ్లు లేవు. నాలుగోది ఎడమకి వంగి ఉంది.

"నమస్కారం దుబాసీగారూ" అన్నాడు.

కొట్టుకొచ్చి బల్ల ముందు కూర్చునేసరికి రెండుంబావు. పిడుగు తన సంచిలోంచి కొత్త సాకెట్టు తీసిచ్చింది. దాని కాళ్లని బోర్డు మీద సీసంతో అతకాలి. కాలికీ కాలికీ మధ్య ఎడం వెంట్రుకంత. ఒక్క బొట్టు ఎక్కువైతే రెండు కాళ్లూ కలిసిపోయి దుబాసీ శాశ్వతంగా మూగబోతాడు. ఇలాంటి పనికి గడియారాలాయన చెయ్యి ఎప్పుడూ వణకలేదు. ఇవాళా వణకలేదు. బల్ల వణికింది.

పక్క స్థలంలో కార్మికుల భోజనాలయిపోయాయి. దిమ్మల మిషను మళ్లీ మొదలైంది. దభ్. బల్ల మీద పట్టకారు గంతేసింది. దభ్. కొట్లో గడియారాల లోలకాలన్నీ ఒక్కసారి తడబడ్డాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"వెళ్లి కాసేపు ఆపమంటాను" అంది పిడుగు.

"ఏమని అడుగుతావు? మీ మీద సాక్ష్యం తయారు చేసుకుంటున్నాం, కాస్త ఆగండనా?" ఆయన చెవి రిక్కించాడు. "కూర్చో. మాట్లాడకు."

దభ్. ఆయన లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. దభ్. మళ్లీ ఆరు. గొయ్యిలో ఉన్న ఆ రాకాసికి కూడా ఒక నడక ఉంది. నడక ఉన్నదేదైనా ఆయనకి లొంగుతుంది. దభ్ అనగానే చెయ్యి దించేవాడు, రెండు నుంచి ఐదు దాకా అతికేవాడు, ఆరుకి ముందే సీసం కరిగించే కాడ ఎత్తేసి ఊపిరి బిగబట్టేవాడు. దభ్. మళ్లీ దించేవాడు. మొదటి కాలు పట్టింది. రెండోదానికి పద్దెనిమిది దెబ్బలు పట్టింది. మూడో కాలు దగ్గర మిషను హఠాత్తుగా నాలుగుకే కొట్టింది. కాడ జారింది. సీసం బొట్టు పక్క కాలి మీదికి పాకింది. పిడుగు రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆయన భూతద్దం తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఎక్కువైన సీసాన్ని సన్నటి రాగితీగల అల్లికతో పీల్చేసి, ఆ కాలిని మళ్లీ మొదటి నుంచీ అతికాడు. నాలుగో కాలు అయ్యేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. కొట్లో గడియారాలన్నీ మూడుంబావు చూపిస్తున్నాయి.

పైకి పరిగెత్తారు. పడకగది తలుపు తెరుచుకోలేదు. ఇద్దరూ భుజాలు వేసి తోశారు. "ఈ తలుపొకటి నా ప్రాణానికి!" అని విసుక్కున్నాడు గడియారాలాయన. డిస్కుకి దుబాసీ బోర్డు, బోర్డుకి లావుపాటి ప్లగ్గు. "ముందు డిస్కు. అది కుదురుకున్నాకే కంప్యూటరు" అంది పిడుగు. కూత లేచింది, ఎక్కింది, నిలబడింది. అప్పుడు చిన్న కంప్యూటరుకి కరెంటు ఇచ్చింది. పచ్చరేకు మీద దీపం వెలిగింది. తెర నల్లగా ఉంది. కింద గుమ్మంలో ఎవరో తలుపు కొట్టారు. నాలుగు కావడానికి ఇంకా అరగంట ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ ముందే వచ్చేసింది.

"కాఫీ ఇచ్చి కూర్చోబెట్టక్కా!" అని పిడుగు గట్టిగా గుసగుసలాడింది.

తెర వెలిగింది. డిస్కు కనబడింది. ఈసారి సిద్ధం చేయమంటారా అని అడగలేదు. దాని పక్కనే వరసగా నెలల పేర్లు, ఏడూ ఉన్నాయి. పిడుగు బల్ల మీద తల వాల్చేసింది. గడియారాలాయన ఆమె నెత్తి మీద చెయ్యి వేసి, "మంచి పిల్లవే" అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని, తొందరపడకుండా మాట్లాడే మనిషి. తెల్ల హెల్మెట్టు ఆమె వెనకే నిలబడి ఉంది. పిడుగు ఫోటోల్ని వరసగా నడిపించింది. గడియారంలో ముళ్లు గిర్రున తిరుగుతున్నాయి, తేదీలు మారుతున్నాయి, స్కేలు మీద గీతలు కదలకుండా ఉన్నాయి. కదులుతున్నది పగులొక్కటే. మొదటి నెలలో అర గీత. గొయ్యి లోతు చేసిన వారంలో రెండు గీతలు. పని ఆగిన పది రోజులూ ఎక్కడిదక్కడే. మళ్లీ మొదలైన నాడే మళ్లీ పాకింది. దిమ్మల మిషను వచ్చేనాటికి ఆరు గీతలు, అంటే మూడు మిల్లీమీటర్లు.

"పాత పగులన్నారు" అంది ఇన్‌స్పెక్టరమ్మ ఇంజనీరు వైపు తిరక్కుండానే. "పాత పగుళ్లు మీ సెలవు రోజుల్ని చూసి ఆగవు."

ఇంజనీరు హెల్మెట్టు తీశాడు. ఏడు నెలల్లో మొదటిసారి. ఇన్‌స్పెక్టరమ్మ అక్కడే నిలబడి ఫోను చేసింది. ఐదు నిమిషాల్లో మిషను ఆగిపోయింది. గడియారాలాయన భార్య వైపు చూశాడు. ఆ క్షణంలో ఆయన మొహం చూసినవాళ్లు కొత్త పెళ్లికొడుకనుకుంటారు.

"ఇదేంటి?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. వరసలో చివర ఒక ఫోటో ఉంది.

"అది ఇప్పటిదండీ" అంది పిడుగు. "కంప్యూటరు వెలగ్గానే దానంతటదే మళ్లీ తీయడం మొదలుపెట్టింది. నాలుగు రోజుల తర్వాత ఇదే మొదటిది."

"దీన్నీ, ముందుదాన్నీ పక్కపక్కన పెట్టు."

పెట్టింది. అదే గోడ, అదే స్కేలు, అదే గడియారం. ముందు ఫోటోలో పగులు ఆరు గీతల మీద ఉంది. ఇప్పటి ఫోటోలో పంతొమ్మిది మీద.

గడియారాలాయన మెల్లగా తెర మీద నుంచి కళ్లెత్తి అసలు గోడని చూశాడు. నాలుగు రోజులుగా ఆయన డిస్కునే చూశాడు, డబ్బాని చూశాడు, వేలెడు బోర్డుని భూతద్దంలో చూశాడు. గోడ వైపు చూడలేదు. వెళ్లి చిటికెన వేలు పెట్టాడు. గోరు దాటి లోపలికి పోయింది.

"తలుపు పడట్లేదన్నాను" అంది భార్య, సణుగుడు కాదు, ఊరికే.

"ఇవాళ చీకటి పడే లోపల ఖాళీ చెయ్యాలి" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఇక్కడ ఇవాళ ఎవరూ పడుకోవడానికి లేదు. గోడకి ఆసరా కట్టాక ఇంజనీర్లు చూసి చెప్పాలి, మళ్లీ రావచ్చో లేదో."

"ఖాళీ ఏంటండీ?" గడియారాలాయన మంచం మీద కూర్చుండిపోయాడు. "తవ్వకం ఆగిందిగా. నేను పోరాడిందే ఇక్కడ ఉండటానికి. గెలిచాక పొమ్మంటారేంటి? నేను కదలను. పాతికేళ్లుగా..."

పిడుగు ఏదో చెప్పబోయింది. అక్క ఆమెని ఆపింది. వచ్చి భర్త ముందు నిలబడి, ఆయన కంటికి ఇంకా వేలాడుతున్న భూతద్దం తీసి జేబులో పెట్టింది.

"ఏవండీ, మీరు గెలిచారు. ఇక లేవండి."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత పిడుగు వైపు తిరిగి, "దీన్ని ఎలా తియ్యాలి?" అన్నాడు.

"పెట్టినదానికి తలకిందులుగా. ముందు కంప్యూటరు ఆపాలి. తర్వాత డిస్కు. పూర్తిగా ఆగేదాకా కదపకూడదు."

చిన్న కంప్యూటరు దీపం ఆరింది. ఆయనే ప్లగ్గు లాగాడు. డిస్కు కూత దిగుతూ, దిగుతూ సన్నబడింది. ఆ ఇనప దిమ్మ మీద రెండు చేతులూ ఆనించి, అది ఆగేదాకా ఆయన కదలకుండా నిలబడ్డాడు. అది ఆగింది. పక్కన మిషను చప్పుడు లేదు. గదికి నిశ్శబ్దం వచ్చింది.

ఆ నిశ్శబ్దంలో ఆయన చెవికి ఇంకో చప్పుడు తగిలింది. అది మిగతావాళ్లెవరికీ వినబడలేదు. గోడ లోపల ఎక్కడో, ఆగకుండా, సన్నగా ఇసుక రాలుతోంది.

"పదండి" అన్నాడు. "అందరూ పదండి. తొందరగా."